అణువులకూ ఓ కుర్చీ ఉంది!

చిన్న మాత్రలో దాగున్న అణువుకీ కుడి, ఎడమ ఉంటాయి. అవి తారుమారైతే మందు పనిచేయకపోవచ్చు... ఒక్కోసారి ప్రాణం మీదికీ రావచ్చు. మరి కంటికి కనపడని అణువును 'ఇదిగో, ఇటు తిరిగే పుట్టు' అని శాసించడం ఎలా? రసాయన శాస్త్రవేత్తలు వందేళ్లు తల పట్టుకున్న ఆ ప్రశ్నకు జవాబు... ఓ పడక్కుర్చీ!

అది 1957.

ఆ అక్టోబరులో పశ్చిమ జర్మనీలో ఓ కొత్త మాత్ర అమ్మకానికి వచ్చింది. హాయిగా నిద్ర పడుతుందన్నారు. గర్భిణుల వేవిళ్లకూ మంచిదన్నారు. దాని పేరు థాలిడోమైడ్. కొన్నాళ్లకే... చేతులూ కాళ్లూ సరిగా ఎదగని పసిబిడ్డలు ఒకరి తర్వాత ఒకరు పుట్టడం మొదలైంది. 1961 నవంబరులో మందును వెనక్కి తీసుకునేసరికే ఆలస్యమైపోయింది. ప్రపంచవ్యాప్తంగా అలా పుట్టిన పిల్లలు పదివేల మందికి పైనేనని అంచనా.

అదే 1957లో అమెరికాలో ఇంకో సంగతి జరిగింది. నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీకి చెందిన హోవర్డ్ జిమ్మర్‌మన్, మార్జరీ ట్రాక్స్‌లర్ ఓ చిన్న పరిశోధన వ్యాసం ప్రచురించారు. రెండు అణువులు కలిసేటప్పుడు అవి ఏ భంగిమలో కూర్చుంటాయన్నది అందులో విషయం. పేపర్లలో వార్త రాలేదు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

ఆ రెండింటికీ అప్పట్లో ఏ సంబంధమూ లేదు. కానీ మందు అణువుకు కుడి ఎడమలుంటాయన్న సంగతిని మొదటిది ఎవరూ మరచిపోలేనట్టు చేసింది. ఆ కుడి ఎడమల్ని మన చేతిలోకి తెచ్చుకునే దారి రెండోది చూపించింది. ఆ దారి కథే ఇది.

చెప్పుల జత లాంటిదే!

గుడి ముందు విడిచిన చెప్పుల్ని చూడండి. కుడిదీ ఎడమదీ ఒకే తోలు, ఒకే కొలత, ఒకే కుట్టు. అయినా ఎడమ చెప్పు కుడి కాలికి పట్టదు. ఒకటి మరోదానికి అద్దంలో బొమ్మ. ఎంత తిప్పినా రెండూ ఒకటి కావు. నాలుగు వేర్వేరు గుంపులు తగులుకున్న కార్బన్ పరమాణువు కూడా సరిగ్గా అంతే. అవే గుంపులు, అవే బంధాలు... కానీ కుడిది వేరు, ఎడమది వేరు.

ఈ సంగతిని 1848లోనే ఫ్రాన్స్‌లో లూయీ పాశ్చర్ పట్టుకున్నాడు. ద్రాక్షసారా పీపాల్లో దొరికే టార్టారిక్ ఆమ్లానికి సంబంధించిన స్ఫటికాల్ని సూక్ష్మదర్శిని కింద పెట్టి, కుడివాటం వాటిని ఓ కుప్పగా, ఎడమవాటం వాటిని ఇంకో కుప్పగా ఏరాడు. బియ్యంలో రాళ్లు ఏరినట్టే!

మన ముక్కుకి కూడా ఈ తేడా తెలుసు. కార్వోన్ అనే అణువు ఒక వాటంలో ఉంటే పుదీనా వాసన. దాని అద్దంలో బొమ్మ అయితే జీలకర్ర కుటుంబానికే చెందిన కేరవే గింజల వాసన. ముక్కులో ఉన్న గ్రాహకాలు కూడా ఒక వాటం ఉన్నవే కాబట్టి ఏ చెప్పు ఏ కాలిదో అవి ఇట్టే పసిగడతాయి.

ఒంట్లోని ప్రొటీన్లదీ అదే తీరు. థాలిడోమైడ్ మాత్రలో రెండు వాటాల అణువులూ సగం సగం ఉండేవి. బిడ్డల అవయవాల్ని దెబ్బతీసింది ఎడమ వాటమేనని తర్వాతి ప్రయోగాలు సూచించాయి. అయితే ఒక్క కుడిదాన్నే ఇచ్చి ఉంటే సరిపోయేదా? లేదు. ఈ అణువు ఒంట్లోకి వెళ్లాక కుడి ఎడమగా, ఎడమ కుడిగా మారిపోతుంది. అన్ని మందులూ ఇలా మారవు. కాబట్టే ఏ వాటం ఏం చేస్తుందో విడివిడిగా తేల్చాలన్న పట్టుదల పెరిగింది. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 1992లో దాన్ని విధానంగానే ప్రకటించింది.

చెప్పడం తేలికే. కానీ ఒక్క వాటాన్నే తయారుచేయడం ఎలా?

సంగీతకారుడి సీసాలో...

ఈ ప్రశ్న మొదలైంది ఓ పాత చర్య దగ్గర. దాని పేరు ఆల్డాల్. 1872లో ఫ్రాన్స్‌లో షార్ల్ అడాల్ఫ్ వుర్ట్జ్, రష్యాలో అలెగ్జాండర్ బొరోదిన్ ఎవరికి వారుగా దీన్ని కనిపెట్టారు. ఆల్డిహైడ్‌లో మొదటి సగం, ఆల్కహాల్‌లో చివరి అక్షరాలు కలిపి వుర్ట్జ్ పెట్టిన పేరే 'ఆల్డాల్'.

బొరోదిన్ అంటే సంగీత ప్రియులు చెవులు రిక్కిస్తారు. అవును, 'ప్రిన్స్ ఇగోర్' అనే ప్రసిద్ధ ఒపేరా కూర్చిన బొరోదిన్ ఈయనే! సెయింట్ పీటర్స్‌బర్గ్ వైద్య అకాడమీలో రసాయన శాస్త్ర ఆచార్యుడు. వారమంతా సీసాలూ గరాటులూ... సెలవు దొరికితే సంగీతం. తనను తాను 'ఆదివారం స్వరకర్త'గా చెప్పుకునేవాడట. 1887లో ఓ విందులో హఠాత్తుగా కుప్పకూలి చనిపోయేనాటికి ఆ ఒపేరా పూర్తికాలేదు. మిత్రులు రిమ్‌స్కీ కొర్సకోవ్, గ్లజునోవ్ దాన్ని పూర్తిచేశారు.

ఆయన ఒపేరా లాగే ఆయన చర్య కూడా అసంపూర్తిగానే మిగిలింది. ఎందుకంటే...

ఆల్డాల్ చేసే పని చాలా గొప్పది. రెండు అణువుల్ని తెచ్చి కార్బన్‌కీ కార్బన్‌కీ మధ్య కొత్త బంధం వేస్తుంది. జీవ ప్రపంచమంతా కార్బన్ గొలుసుల మీదే నడుస్తుంది కాబట్టి ఆ బంధం వేయగలగడం అంటే ఇల్లు కట్టేవాడికి ఇటుక మీద ఇటుక పేర్చడం రావడమే. బంధం పడిన చోట ఒక పక్కన ఆక్సిజన్-హైడ్రోజన్ జత, ఇంకో పక్కన (చాలా సందర్భాల్లో) మిథైల్ లాంటి చిన్న కొమ్మ నిలబడతాయి.

సరిగ్గా ఇక్కడే వచ్చింది చిక్కు. కొత్త బంధానికి రెండు కొసల్లోనూ ఉన్న కార్బన్లు రెండూ వాటం ఉన్నవి అవుతాయి. ఇదీ కుడో ఎడమో కావచ్చు, అదీ కుడో ఎడమో కావచ్చు. రెండు రెళ్లు నాలుగు. అంటే ఒకే చర్యలో నాలుగు వేర్వేరు అణువులు పుట్టొచ్చన్నమాట. రెండు కొమ్మలూ ఒకే వైపుకు ఉంటే దాన్ని 'సిన్' అంటారు. చెరో వైపు ఉంటే 'యాంటీ'. సిన్‌కి ఒక అద్దంలో బొమ్మ, యాంటీకి ఒక అద్దంలో బొమ్మ... వెరసి నాలుగు.

కావలసింది ఒక్కటి. మిగతా మూడూ చెత్తే!

పదిసార్లు తప్పటడుగు వేస్తే?

'మూడు వంతులు పారేస్తే పోయేదేముంది?' అనుకోవచ్చు. ఒక్క చర్యతో పని అయిపోతే నిజంగానే పెద్ద నష్టం లేదు. కానీ ఎరిత్రోమైసిన్‌నే తీసుకోండి. గొంతునొప్పికో, దగ్గుకో మన ఇళ్లల్లో చాలామంది మింగిన యాంటీబయాటిక్ ఇది. ఫిలిప్పీన్స్ మట్టిలో దొరికిన సూక్ష్మజీవి నుంచి 1952లో బయటికొచ్చింది. దీంట్లో కుడో ఎడమో తేల్చుకోవాల్సిన కార్బన్లు 18. అంటే సాధ్యమయ్యే రూపాలు 2,62,144. పనిచేసే మందు అందులో ఒకే ఒక్కటి.

రసాయన శాస్త్రంలో మహామహుడనిపించుకున్న అమెరికా శాస్త్రవేత్త రాబర్ట్ వుడ్‌వర్డ్ కూడా 1956లో ఈ అణువును చూసి, ఇది తమకు అందేలా లేదని రాశారు. చివరికి ఆయన బృందమే దాన్ని తయారుచేసింది. అయితే ఆ వ్యాసాలు 1981లో అచ్చయ్యేనాటికి ఆయన లేరు. 1979లోనే కన్నుమూశారు.

కాస్త లెక్క చూద్దాం. ఓ అణువులో వాటం తేల్చాల్సిన కార్బన్లు పది ఉన్నాయనుకోండి. ప్రతిచోటా సగం సగం చొప్పున వస్తే చివరికి మిగిలేది వెయ్యిన్నొక్క వంతు కూడా కాదు... 1024లో ఒక వంతు. ప్రతిచోటా నూటికి తొంభై సరిగ్గా పడితే మిగిలేది 35 శాతం. నూటికి తొంభైతొమ్మిది పడితే 90 శాతం! తొంభైకీ తొంభైతొమ్మిదికీ తేడా తొమ్మిదే కదా అనిపిస్తుంది. పది మెట్లెక్కాక చూస్తే ఆ తేడాయే మందుకూ మురిక్కాలవకూ మధ్య దూరం.

పాశ్చర్ లాగా తయారయ్యాక ఏరుకుంటూ కూర్చుంటే తెల్లారిపోతుంది. మొక్కై వంగనిది మానై వంగునా అన్నారు పెద్దలు. అణువు పుట్టకముందే దాని వాటం నిర్ణయమైపోవాలి.

ఒక మేకు... రెండు మేకులు

ఆల్డాల్‌లో రెండు పాత్రలు. ఒకటి ఆల్డిహైడ్. ఇది ఉన్నచోటే ఉంటుంది. రెండోది దాన్ని వెతుక్కుంటూ వచ్చేది. ఒక కీటోన్ నుంచో ఎస్టర్ నుంచో క్షారం సాయంతో ఒక హైడ్రోజన్‌ను లాగేస్తే మిగిలేదే ఈ రెండో పాత్ర. పేరు ఎనోలేట్. దాని ఆయుష్షు తక్కువ. తేమ తగిలితే చాలు, పాడైపోతుంది. అందుకే చాలా ప్రయోగశాలల్లో దీన్ని డ్రై ఐస్ తొట్టెలో మైనస్ 78 డిగ్రీల చలిలో పుట్టిస్తారు.

కథకు అసలు కీలకం ఈ ఎనోలేట్ ఆకారం. రెండు చెక్కల్ని ఒక్క మేకుతో కొట్టి చూడండి. పై చెక్క గిరగిరా తిరుగుతుంది. రెండో మేకు కొట్టండి. ఇక కదలదు. కార్బన్ల మధ్య ఒక్క బంధం ఉంటే అణువు తిరుగుతుంది. ద్విబంధం ఉంటే బిగుసుకుపోతుంది. ఎనోలేట్‌లో ఉన్నది ద్విబంధమే. అందుకే దాని మీదున్న మిథైల్ కొమ్మ ఆక్సిజన్ ఉన్న వైపే ఉండిపోవాలి, లేదా దానికి ఎదురు వైపు ఉండిపోవాలి. అటూ ఇటూ మారడం ఉండదు.

ఆక్సిజన్‌తో ఒకే వైపు ఉంటే 'జడ్' ఎనోలేట్. ఎదురు వైపు ఉంటే 'ఇ' ఎనోలేట్. కలిసి, ఎదురుగా అనే అర్థాలిచ్చే జర్మన్ మాటల మొదటి అక్షరాలివి.

ఇప్పుడు అసలు సూత్రం. జడ్ నుంచి సిన్ పుడుతుంది. ఇ నుంచి యాంటీ పుడుతుంది. అంతే!

కానీ ఎందుకలా? దానికి జవాబే జిమ్మర్‌మన్, ట్రాక్స్‌లర్‌ల కుర్చీ.

ఆరుగురు... ఒక కుర్చీ

ఎనోలేట్ ఒంటరిగా రాదు. దాని ఆక్సిజన్‌ను లిథియం, మెగ్నీషియం, బోరాన్ లాంటి పరమాణువు ఒకటి అంటిపెట్టుకుని ఉంటుంది. పెళ్లిళ్ల పేరయ్య లాంటిదన్నమాట. అది ఒక చేత్తో ఎనోలేట్ ఆక్సిజన్‌ను పట్టుకుని, రెండో చేత్తో ఆల్డిహైడ్ ఆక్సిజన్‌ను పట్టుకుంటుంది. అప్పుడు ఆ మధ్యవర్తి, రెండు ఆక్సిజన్లు, మూడు కార్బన్లు... మొత్తం ఆరు పరమాణువులు చేతులు కలిపిన వలయం ఏర్పడుతుంది.

ఆరు పరమాణువుల వలయానికి బల్లపరుపుగా ఉండటం ఇష్టముండదు. వంగి సర్దుకుంటుంది. పక్కనుంచి చూస్తే ఒక కొస పైకి లేచి, రెండో కొస కిందికి దిగి అచ్చం మన తాతల నాటి పడక్కుర్చీలా ఉంటుంది. తల ఆన్చే చోటు పైన, కాళ్లు చాపే చోటు కింద.

ఈ కుర్చీలో ఒక్కో కార్బన్ దగ్గర రెండేసి చోట్లుంటాయి. ఒకటి వలయం నుంచి బయటికి చాచుకుని ఉండే విశాలమైన చోటు. రెండోది నిటారుగా నిలబడే ఇరుకు చోటు. నిటారుగా ఉన్నవి ఒకదాన్నొకటి రాసుకుంటాయి. పండగ రోజున కిక్కిరిసిన బస్సును తలచుకోండి. పెద్ద మూట ఉన్నవాడు ఏం చేస్తాడు? కాస్త ఖాళీ ఉన్న చోటు చూసుకుని అక్కడ పెడతాడు. ఆల్డిహైడ్‌కున్న పెద్ద గుంపూ అదే చేస్తుంది. బయటి చోటుకే పోతుంది. దానికి ఆ స్వేచ్ఛ ఉంది.

ఎనోలేట్ మీదున్న మిథైల్‌కు మాత్రం ఆ స్వేచ్ఛ లేదు. రెండు మేకులు బిగించిన చెక్క కదా! జడ్ రకమైతే నిటారుగా నిలబడాల్సిందే. ఇ రకమైతే బయటికి చాచుకోవాల్సిందే. అలా కూర్చున్న భంగిమలోనే కొత్త బంధం పడిపోతుంది. ఆనక నీళ్లు పోసి మధ్యవర్తిని సాగనంపి, గొలుసును సాగదీసి చూస్తే... నిటారు మిథైల్ ఉన్న కుర్చీ నుంచి సిన్, చాచుకున్న మిథైల్ ఉన్న కుర్చీ నుంచి యాంటీ!

అంటే, పుట్టబోయే అణువు తలరాత ఎనోలేట్ పుట్టినప్పుడే రాసేసి ఉందన్నమాట.

జిమ్మర్‌మన్, ట్రాక్స్‌లర్‌లు ఈ బొమ్మను వేరే చర్యల ఫలితాల్ని వివరించడానికి గీశారు. దాని విలువ లోకానికి పూర్తిగా తెలియడానికి ఇంకో ఇరవై ఏళ్లు పట్టింది. పారిస్‌లో జాక్ ఎమిల్ దుబువా, కాలిఫోర్నియాలో క్లేటన్ హీత్‌కాక్ లాంటివాళ్లు ఒక్కో ఎనోలేట్‌నూ జడ్‌గానో, ఇగానో చేసి చూసి కుర్చీ చెప్పింది నిజమేనని తేల్చారు.

వాటం మార్చే చిటికెలు

ఆకారమే అన్నీ తేలుస్తుందని తెలిశాక మిగిలిన పని ఒక్కటే. కావలసిన ఆకారంలో ఎనోలేట్‌ను పుట్టించడం.

ఇక్కడ చిత్రాలు చాలానే జరిగాయి. 1976లో రాబర్ట్ ఐర్లాండ్ బృందం ఎస్టర్ల మీద ప్రయోగాలు చేసింది. ఎస్టర్ అదే, క్షారం అదే, చలి అదే. మామూలు ద్రావణిలో ఒక ఆకారం వచ్చింది. అందులో హెచ్ఎంపీఏ అనే ద్రవాన్ని కలిపితే రెండో ఆకారం వచ్చింది! లిథియాన్ని ఆ ద్రవం గట్టిగా చుట్టేయడంతో అది పట్టు సడలించడమే కారణమని ఆయన వివరణ.

ఆ తర్వాత రంగంలోకి దిగింది బోరాన్. బోరాన్‌కీ ఆక్సిజన్‌కీ మధ్య బంధం లిథియం బంధం కంటే పొట్టి. కుర్చీ పొట్టిదైతే ఏమవుతుంది? అందరూ దగ్గర దగ్గరగా కూర్చోవాలి. తప్పు చోట కూర్చున్నవాడికి ఇరుకు ఇంకా ఎక్కువ. అందుకని తప్పులు బాగా తగ్గిపోతాయి. బోరాన్‌కు రెండు బ్యుటైల్ గుంపులూ ఒక ట్రైఫ్లేటూ తగిలించి కీటోన్ మీద వాడితే జడ్ వస్తుంది. రెండు సైక్లోహెక్సైల్ గుంపులూ ఒక క్లోరినూ తగిలిస్తే ఇ వస్తుంది. ఈ రెండో కిటుకు మీద పనిచేసిన హెర్బర్ట్ బ్రౌన్, బోరాన్ రసాయనాలకే 1979లో నోబెల్ అందుకున్న మనిషి.

దీంతో సిన్, యాంటీల గొడవ తీరింది. నాలుగు రెండయ్యాయి. కానీ ఆ రెండూ అద్దంలో బొమ్మలు. వాటిలో ఒకటే కావాలంటే? ఎనోలేట్‌కున్న రెండు ముఖాల్లో ఒకదాన్ని మూసేయాలి.

1981లో ఆ పని చేసి చూపించింది డేవిడ్ ఎవాన్స్ బృందం. మన పప్పుల్లోనూ పాలల్లోనూ ఉండే వాలీన్ అనే అమైనో ఆమ్లం ప్రకృతిలో సహజంగానే ఒక్క వాటంలో ఉంటుంది. ఎవాన్స్ దాని నుంచి ఓ చిన్న పిడి తయారుచేసి ఎనోలేట్‌కు తగిలించారు. ఆ పిడి మీద ఉబ్బుగా ఉండే గుంపు ఒక ముఖానికి అడ్డం పడుతుంది. వాకిలికి అడ్డంగా మంచం వేస్తే వచ్చేవాళ్లు దొడ్డిదారిన రాక తప్పదు కదా! ఆల్డిహైడ్ కూడా అంతే, ఖాళీగా ఉన్న వైపు నుంచే వచ్చి కుర్చీలో కూర్చుంటుంది. బంధం పడ్డాక పిడిని ఊడదీసి మళ్లీ వాడుకోవచ్చు. నాలుగు రూపాల్లో కోరినదొక్కటే నూటికి తొంభైతొమ్మిదికి పైగా వచ్చింది. తొంభైతొమ్మిది... ఇందాకటి లెక్క గుర్తుందిగా?

కంప్యూటర్‌లో అణువుల బొమ్మలు గీయడానికి ప్రపంచమంతా వాడే కెమ్‌డ్రా సాఫ్ట్‌వేర్ పుట్టుకలోనూ ఎవాన్స్ దంపతుల చేయి ఉంది. ఆయన 2022లో కన్నుమూశారు.

స్పాంజి కోసం సముద్రాన్ని తవ్వకుండా...

ఇదంతా దేనికి పనికొచ్చిందంటే... బహమాస్ దీవుల దగ్గరి సముద్రంలో దొరికే ఓ స్పాంజి కథ చెప్పాలి.

ఫ్లోరిడాలోని హార్బర్ బ్రాంచ్ సముద్ర పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు ఆ స్పాంజిలో డిస్కోడెర్మొలైడ్ అనే పదార్థాన్ని కనిపెట్టి 1990లో ప్రకటించారు. కేన్సర్ కణాలు విభజన చెందకుండా అది అడ్డుకుంటుందని తర్వాత తేలింది. ఆశలు చిగురించాయి. కానీ 434 గ్రాముల స్పాంజి నుంచి వచ్చింది 7 మిల్లీగ్రాములే! రోగుల మీద పరీక్షించాలంటే పదుల గ్రాములు కావాలి. 60 గ్రాములు కావాలంటే ఆ లెక్కన 3,700 కిలోల స్పాంజి పీకాలి. అంటే ఆ జీవి వంశాన్నే ఊడ్చేయడం.

మిగిలిన దారి ప్రయోగశాలలో తయారుచేయడమే. కానీ దాంట్లో వాటం తేల్చాల్సిన కార్బన్లు 13. రూపాలు 8,192.

నోవార్టిస్ కంపెనీ శాస్త్రవేత్తలు అమోస్ స్మిత్, ఇయాన్ పాటర్సన్ అనే ఇద్దరు ఆచార్యుల పద్ధతుల్ని కలిపి ఓ దారి వేశారు. మొత్తం 39 మెట్లు. ఆ దారిలో మొదట వచ్చేది ఎవాన్స్ ఆల్డాల్. జడ్ ఎనోలేట్, బోరాన్ కుర్చీ, సిన్ ఫలితం. చివర్లో పెద్ద ముక్కల్ని కలిపిందీ బోరాన్ ఆల్డాలే. 2004లో వాళ్లు ప్రకటించిన ఫలితం... 60 గ్రాములు. ఒక్క స్పాంజిని కూడా ముట్టుకోకుండా!

కథ ఇక్కడే సుఖాంతమైతే బాగుండేది. రోగుల మీద తొలి దశ పరీక్షల్లో ఊపిరితిత్తులకు హాని చేస్తుందని తేలి ఆ మందును ఆపేశారు. మరి ఆ కష్టమంతా వృథాయేనా? ఆలోచించండి. చేతిలో 60 గ్రాములు లేకపోతే ఆ మందు మంచిదో చెడ్డదో ఎప్పటికీ తెలిసేదే కాదు. 1957లో జనం మింగాక తెలిసింది. ఇప్పుడు జనానికి చేరకముందే తెలిసింది. తేడా చిన్నది కాదు.

మన తార్నాకలోనూ...

ఈ కుర్చీ భాష హైదరాబాద్‌కు కొత్త కాదు. తార్నాకలోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థ, జనం నోట ఐఐసీటీ, 1944లో మొదలైన ప్రయోగశాల నుంచి ఎదిగింది. ఏ.వి.రామారావు, జె.ఎస్.యాదవ్ లాంటి శాస్త్రవేత్తల నాయకత్వంలో అక్కడ ప్రకృతిలో దొరికే ఎన్నో క్లిష్టమైన పదార్థాల్ని సీసాల్లో తయారుచేశారు. అలాంటి పనుల్లో ఆల్డాల్ తరచూ పలకరిస్తూనే ఉంటుంది. సేంద్రియ రసాయనంలో ఎమ్మెస్సీ చదివే విద్యార్థి పరీక్షలో పడక్కుర్చీ గీయకుండా బయటపడటం కష్టం.

అసలు మనకంటే ముందే, మన ఒంటికే ఈ విద్య తెలుసు! ఏకాదశి నాడు మీరు ఉపవాసం ఉన్నారనుకోండి. తిండి లేకపోయినా మెదడుకు చక్కెర కావాలి. అప్పుడు కాలేయం మూడేసి కార్బన్ల ముక్కలు రెండింటిని కలిపి ఆరు కార్బన్ల చక్కెర తయారుచేస్తుంది. ఆ కలిపే చర్య అచ్చంగా ఆల్డాలే. చేయించే ఎంజైమ్ పేరు ఆల్డొలేజ్. అక్కడా నాలుగు రూపాలకు అవకాశముంది. కానీ ఎంజైమ్ ఒక్కటే చేస్తుంది, మళ్లీ మళ్లీ ఆ ఒక్కటే.

ఆ ఎంజైమ్‌కు లోహంతో పని లేదు. తనలో ఉన్న ఒక అమైనో ఆమ్లంతో అణువును పట్టుకుని, ఎనోలేట్‌కు తోబుట్టువు లాంటి 'ఎనమైన్'ను పుట్టిస్తుంది. అంత పెద్ద ఎంజైమ్ ఎందుకు, ఒక్క అమైనో ఆమ్లం చాలదా అనుకున్నాడో యువకుడు. పేరు బెంజమిన్ లిస్ట్. ప్రోలీన్ అనే మామూలు అమైనో ఆమ్లాన్ని చిటికెడు వేసి ఆల్డాల్ చేయించి, సహచరులతో కలిసి 2000లో ప్రకటించాడు. 2021లో డేవిడ్ మెక్‌మిలన్‌తో కలిసి నోబెల్ అందుకున్నాడు. సైక్లోహెక్సనోన్ లాంటి వాటితో ప్రోలీన్ ఆల్డాల్ చేస్తే 'ఇ' ఆకారపు ఎనమైన్ నుంచి యాంటీ ఫలితమే ఎక్కువగా వస్తుంది. సూత్రం మళ్లీ అదే!

కుర్చీ లేని చోట...

అన్ని ఆల్డాల్‌లూ కుర్చీలో కూర్చుంటాయా అంటే... లేదు. 1973లో జపాన్‌కు చెందిన తెరుఆకి ముకయామా మొదలుపెట్టిన పద్ధతిలో రెండు ఆక్సిజన్లనూ కలిపి పట్టుకునే మధ్యవర్తి ఉండదు. వలయం ఏర్పడదు. కుర్చీ లేదు కాబట్టి జడ్, ఇ సూత్రం అక్కడ అలాగే పనిచేయదు. ఆ చర్యకు దాని లెక్కలు దానికున్నాయి. సూత్రం ఎక్కడ చెల్లుతుందో, ఎక్కడ చెల్లదో తెలియడం కూడా విద్యే మరి.

ఈసారి మందుల షాపులో మాత్రల పట్టీ చేతికొచ్చినప్పుడు దాని వెనకాల ఉన్న పేరును ఒక్క క్షణం చూడండి. కొన్ని పేర్ల ముందు 'లీవో' అనో, 'ఎస్' అనో, 'డెక్స్' అనో ఉంటుంది. ఆ మందు ఒక్క వాటంలోనే తయారైందని దానర్థం. ఆ వాటాన్ని తేల్చింది ఆల్డాలే కానక్కర్లేదు. కానీ ఎక్కడో ఓ ప్రయోగశాలలో ఎవరో ఒకరు అణువు పుట్టకముందే దాని కుడి ఎడమల గురించి ఆలోచించి ఉంటారన్నది మాత్రం ఖాయం.

మొక్కగా ఉన్నప్పుడే వంచడం... పిల్లల విషయంలో ఎంత పనిచేస్తుందో తెలియదుగానీ, అణువుల విషయంలో నూటికి తొంభైతొమ్మిది పాళ్లు పనిచేస్తుంది!